మేడమ్‌కు చెప్పని పదకొండు రోజులు

పోయిన నెల ఆబిడ్స్‌లో నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబుకు నాలుగు దుకాణాల అవతల ఉన్న పాత ఫోటో స్టూడియోను ఖాళీ చేశారు. సామానంతా మెట్ల పక్కన కుప్పపోశారు. విరిగిన స్టాండులు, రంగు వెలిసిన తెర, ఎవరూ తీసుకుపోని పెళ్ళి ఫోటోలు, చెమ్మకు ఉబ్బిన అట్టపెట్టెలు. ఒక పెట్టెలోంచి నల్లకాగితం బయటికి వేలాడుతూ కనిపించింది. ఫోటోలు చేత్తో కడిగే రోజుల్లో, ఫోటో కాగితానికి వెలుతురు తగలకుండా కంపెనీవాళ్ళు చుట్టి పంపే మందపాటి కాగితం అది. వంగి ఒక ముక్క చింపి వాసన చూశాను. కాస్త జిగురు, కాస్త పులుపు, కాస్త మగ్గిన అట్ట. యాభై దాటిన ఆడమనిషి నడిరోడ్డు మీద చెత్తకుప్పలో వంగి కాగితం వాసన చూస్తుంటే జనం చూడకుండా ఉంటారా? చూశారు. నాకు మాత్రం సిగ్గు వేయలేదు, ఏడుపు వచ్చింది. నేను పని నేర్చుకున్న గది నిండా ఆ వాసనే ఉండేది. ఆ గది సుగుణ మేడమ్‌ది.

సుగుణ మేడమ్ అంటే డాక్టర్ మేరీ సుగుణ, బయోకెమిస్టు. మెదక్ దగ్గర ఒక మిషన్ ఆవరణలో పుట్టి పెరిగారు. వాళ్ళమ్మ మిషన్ దవాఖానలో నర్సు. తొంభైల మొదట్లో నేను ఎమ్మెస్సీ ముగించి ఆమె దగ్గర రీసెర్చికి చేరేనాటికి ఆమెకు యాభై దాటాయి. నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్‌కు వచ్చే దారిలో ఒక సందు ఉంది. ఆ సందులో ఒక పాతకాలపు కాలేజీ భవనం, దాని రెండో అంతస్తులో రెండు గదులు ఆమె ల్యాబు. అందులో ఒక గది కిటికీలన్నిటికీ నల్లకాగితం అతికించి ఉండేది. పట్టపగలు కూడా లోపల ఒక్క ఎర్రబల్బే వెలిగేది. కింది అంతస్తువాళ్ళు దాన్ని చీకటికొట్టు అనేవారు. మొదటి రోజు హుషారుగా లోపలికి అడుగుపెట్టి స్టూలుకు తగులుకుని పడబోయాను. చీకట్లోంచి ఒక నిదానమైన గొంతు వినిపించింది.

"జర ఆగమ్మా. కండ్లు అలవాటు పడనియ్యి. గీడ తొందరపడితే పనిగాదు."

ఆ చీకటి ఎందుకో తరవాత తెలిసింది. మేడమ్ పరిశోధించే మందు ఒక పసుపుపచ్చని పొడి. ఫంగస్‌ను చంపే యాంటీబయోటిక్. దానికి వెలుతురు పడదు. నీళ్ళలో కలిపి ఎండ తగలనిస్తే కొన్ని గంటల్లో చచ్చిపోతుంది. చచ్చిపోయిన సంగతి ఒక్కోసారి పైకి తెలియను కూడా తెలియదు. చూస్తే మందులాగే ఉంటుంది, పని మాత్రం చేయదు. అందుకే దాన్ని తూచడం, కలపడం అంతా ఎర్రబల్బు కిందే చేయాలి, సీసాలకు, ట్యూబులకు నల్లకాగితం చుట్టాలి. ఈ కాగితం బజారులో అమ్మేది కాదు. ఆబిడ్స్‌లో మాణిక్‌రావు గారని ఒక స్టూడియో ఆయన, తన దగ్గర ఖాళీ అయిన పెట్టెల్లోని కాగితాలన్నీ మేడమ్ కోసం మడిచి దాచిపెట్టేవారు. పదిరోజులకు ఒకసారి పోయి తెచ్చుకోవడం నా పని.

ఆ మందు సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే ఆమె జీవితం అర్థం కాదు. మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ పలుచని పొర ఉంటుంది. ఆ పొర బిగువుగా నిలవడానికి అందులో కొలెస్టరాల్ ఉంటుంది. గుండెజబ్బుల పుణ్యమా అని దానికి చెడ్డపేరు వచ్చింది గాని, అది లేకపోతే మన కణాలు నిలవవు. ఫంగస్ కణాలకూ అలాంటి పొరే ఉంటుంది, కాకపోతే అందులో కొలెస్టరాల్ బదులు దానికి దగ్గరి చుట్టమైన ఇంకో పదార్థం ఉంటుంది. మందు ఆ చుట్టాన్ని పట్టుకుని ఫంగస్ పొరకు చిల్లులు పెడుతుంది. లోపలిది బయటికి కారిపోయి ఫంగస్ చస్తుంది. చిక్కేమిటంటే మందు ఒక్కోసారి పోల్చుకోలేక మన కొలెస్టరాల్‌ను కూడా పట్టుకుంటుంది. అప్పుడు చిల్లులు పడేది మన కణాలకు, అందులోనూ మూత్రపిండాలకు. రక్తంలోకి పాకిన ఫంగస్‌కు ఆ రోజుల్లో అంతకు మించిన మందు లేదు, దాన్ని ఎక్కించుకున్నవాళ్ళ కిడ్నీలకు దిక్కూ లేదు. ఇదంతా మా నాన్నకు వివరించి చెప్పాను. ఆయన చాదర్‌ఘాట్‌లో బడిపంతులు. అంతా విని, 'మా వనజ కొలెస్టరాల్ మీద రీసెర్చ్ చేస్తున్నది' అని స్టాఫ్‌రూములో చెప్పుకున్నారు. దాంతో ఆయన స్నేహితులందరూ కనిపించినప్పుడల్లా నెయ్యి తినొచ్చా లేదా అని నన్ను అడగడం మొదలుపెట్టారు.

మేడమ్ ఈ మందు వెంట ఎందుకు పడ్డారో ఒకరోజు సూది గుచ్చించుకుంటూ చెప్పారు. మా ప్రయోగాలకు తాజా ఎర్రరక్తకణాలు కావాలి. వాటిని ఎక్కడినుంచో తెప్పించే పద్ధతి ఆమెది కాదు. సోమవారం ఆమె చెయ్యి, గురువారం నా చెయ్యి. కొంచెమే, ఒక చిన్న సిరంజి నిండా. ఆమె నాకు తీసేవారు, ఆమెకు నేను తీసేదాన్ని. మన నెత్తురు పెట్టినంక తప్పు రాయబుద్ధి గాదు అనేవారు. ఆ సోమవారం నరం దొరకక నేను తంటాలు పడుతుంటే ధైర్యం చెప్పడానికి మాటల్లో పెట్టారు.

"మా అమ్మ గా మందు ఎక్కించే వార్డుల డ్యూటీ చేసేది. నేను కాలేజీ సెలవులకు ఇంటికి పోతే అన్నం ముందర కూసోని చెప్పేది. మందు ఎక్కిన గంటకు చలిజ్వరమట. మూడు కంబళ్ళు కప్పినా మంచమంత ఊగేదట. 'సిస్టరమ్మా, మందు ఆపుండ్రి, రోగమే నయం' అని ఏడ్చేటోళ్ళట. అమ్మ ముద్ద నోట్ల పెట్టుకోకపోయేది. గప్పుడే అనుకున్న."

"ఏమనుకున్నరు మేడమ్?"

"మంచం ఊగొద్దని," అన్నారు. ఆ తరవాత చేతికి దూది అదుముకుని ట్యూబులకు నంబర్లు వేసుకుంటూ కూర్చున్నారు. పాతికేళ్ళుగా చేస్తున్న పనికి ఆమె చెప్పిన కారణం అంతే. నేను అప్పట్లో పేరు ముందు డాక్టర్ అని రాసుకోవడం కోసం రీసెర్చి చేస్తున్నాను. నా కారణం ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

తొంభైల నడిమధ్య ఒక ఎండాకాలం ఆమె ఉపాయం ఒక కొలిక్కి వచ్చింది. మందును ముందుగానే కొలెస్టరాల్‌తో, కాస్త కొవ్వుతో కలిపిపెడితే దాని చేతులు నిండిపోయి ఉంటాయి, అది మన కణాల జోలికి రాదు. ఫంగస్ ఎదురుపడితే మాత్రం తన అసలు చుట్టాన్ని చూసి ఇటు వదిలేసి అటు పోతుంది. ఇదీ ఆమె ఆలోచన. ఇలా చేయొచ్చని బయటి దేశాల్లో అప్పటికే పనులు మొదలయ్యాయి గాని, ఆ మందులు మన ఆసుపత్రుల గడప దాకా వచ్చేవి కావు. ఆ మిశ్రమం తయారు కావాలంటే నాలుగు గంటలు గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి కదుపుతూ ఉండాలి. ఆ ఎండాకాలం పగలంతా కరెంటు కోతలు. హీటరు ఆగిపోయేది. "సూర్యునికి కరెంటు కోత లేదు గదా," అన్నారు మేడమ్. బేగం బజార్ నుంచి ఒక పెద్ద సత్తు బేసిన్ కొనుక్కొచ్చాం. వరండాలో ఎండకు పెడితే నీళ్ళు సరిగ్గా కావలసినంత కాగేవి. సీసాకు నల్లకాగితం చుట్టి అందులో ఉంచి, నేను స్టూలు వేసుకుని కూర్చుని కదిపేదాన్ని. రక్తకణాల పరీక్ష నాది. ఫంగస్ పరీక్ష మేడమ్‌ది. ఆమె సాయంత్రం కరెంటు వచ్చాక చీకటిగదిలో విడిగా ఇంకో సీసా కలుపుకుని చేసేవారు.

సరిగ్గా అప్పుడే మాణిక్‌రావు గారి తల్లి పోయింది. కర్మలు ముగిసేదాకా స్టూడియో తెరవలేదు. నా దగ్గర ఉన్న కాగితాలు తడిసి చినిగిపోయాయి. మేడమ్ దగ్గర సాయంత్రం పనికి సరిపడా నాలుగు ముక్కలు ఉన్నాయి, అడిగితే ఇచ్చేవారే. అడిగితే, కాగితం జాగ్రత్తగా వాడలేదని అంటారేమోనని అడగలేదు. న్యూస్‌పేపరు నాలుగు మడతలు పెట్టి చుట్టాను. కాగితం కాగితమే కదా అనుకున్నాను. ఆ మిశ్రమం పాలలా తెల్లగా ఉంటుంది కనుక, లోపలి పసుపు వెలిసిందో లేదో కంటికి ఆనదు. ఆ మొదటి వారం రోజుల్లోనే ఆరుసార్లు పరీక్ష చేశాను.

రక్తకణాలు పగిలితే ట్యూబంతా షర్బత్‌లా ఎర్రబడుతుంది. పగలకపోతే కణాలు అడుగున పేరుకుని పైన నీళ్ళు తేటగా నిలుస్తాయి. ఎండకు పెట్టకుండా చీకటిగదిలోనే కలిపిన ఒట్టి మందు వేసిన ట్యూబులన్నీ ఎర్రబడ్డాయి. మా మిశ్రమం వేసినవి ఆరుసార్లూ తేటగా నిలిచాయి. అటు మేడమ్ సీసాలోని మిశ్రమం ఫంగస్‌ను చంపుతూనే ఉంది. ఆరోసారి ట్యూబులను వెలుతురుకు పట్టుకుని మేడమ్ చాలాసేపు చూశారు. ఆ తరవాత చెప్పులు వేసుకుని, "పద," అన్నారు. మొజంజాహీ మార్కెట్‌కు తీసుకుపోయి మామిడిపండు ఐస్‌క్రీమ్ ఇప్పించారు. అంతకుముందు ఆమె నన్ను టీకి కూడా తీసుకుపోలేదు. ఐస్‌క్రీమ్ తింటూ తింటూ ఆగి, "అమ్మ ఉంటే బాగుండు," అన్నారు. ఆ మొహంలో అంత వెలుగు నేను అంతవరకు చూడలేదు, తరవాతా చూడలేదు.

ఆ వారంలోనే పేపరు రాసి పత్రికకు పంపారు. మేడమ్‌కు తెలిసిన ఒక కిడ్నీ డాక్టరు దగ్గరలోని ఆసుపత్రిలో పనిచేసేవారు. ఆయనకు కబురు చెప్పారు. ఆయన వార్డులో దర్జీపని చేసే ఒక ఆమె ఉంది, ముప్పై ఏళ్ళుంటాయి, రక్తంలో ఫంగస్. అప్పటికే కిడ్నీలు బలహీనంగా ఉన్నాయి కనుక పాత మందు ఎక్కువ ఇవ్వలేకపోతున్నారు. మన మిశ్రమం సురక్షితమైతే మూడింతలు ఇవ్వొచ్చు, బతుకుతుంది అన్నారాయన. ముందు కుందేళ్ళ మీద చూడాలని మేడమ్ అన్నారు. అంత టైమ్ ఆమెకు లేదని డాక్టరు అన్నారు. ఇప్పుడైతే సవాలక్ష అనుమతులు కావాలి. అప్పుడు ఆసుపత్రి పెద్దల సంతకాలు, భర్త వేలిముద్ర సరిపోయాయి. రెండు రోజులు ఆలోచించి మేడమ్ ఒప్పుకున్నారు.

మాణిక్‌రావు గారు స్టూడియో తెరిచిన రోజే నేను కాగితాల కోసం పోయాను. పరామర్శ మాటలయ్యాక, ఏదో ఒకటి మాట్లాడాలని, మీరు లేనన్ని రోజులు న్యూస్‌పేపరుతోనే గడుపుకున్నామని చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి నా వంక చూశారు.

"న్యూస్‌పేపరా? ఏంది బేటా గది? న్యూస్‌పేపర్ల చుట్టి పెడ్తే నా మాలంత ఖరాబ్ అయితది. ఇగో జూడు." బల్ల మీది పేపరు నాలుగు మడతలు పెట్టి బల్బు ముందు పట్టుకున్నారు. వెలుతురు మడతల్లోంచి పసుపుపచ్చగా ఇవతలికి వచ్చింది. "ఇది బల్బు. ఎండల అయితే ఇంకేం మిగులుతది?"

ఆయన ఇచ్చిన నల్లకాగితాలు చంకలో పెట్టుకుని ల్యాబుకు ఎలా వచ్చానో గుర్తు లేదు. మర్నాడు మేడమ్ యూనివర్సిటీ మీటింగుకు పోయిన సమయంలో, నల్లకాగితం రెండు పొరలు చుట్టి మిశ్రమం కలిపి, నా చెయ్యి నేనే గుచ్చుకుని రక్తం తీసి పరీక్ష చేశాను. ట్యూబులు ఎర్రబడ్డాయి. ఒట్టి మందుతో వచ్చినంత ఎరుపు కాదు, కానీ ఎరుపే. ఆరుసార్లు తేటగా నిలిచింది మా ఉపాయం వల్ల కాదు. ఎండకు మందు చచ్చిపోవడం వల్ల. చచ్చిన మందు ఎవరి కణాలను మాత్రం ఏం చేస్తుంది? ఆ ట్యూబులు కడిగేసి, నోట్‌బుక్కులో ఏమీ రాయకుండా ఇంటికి పోయాను.

మేడమ్ రాగానే చెప్పవలసింది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇన్నేళ్ళలో నాకు నేను చాలా కారణాలు చెప్పుకున్నాను. నా ఫెలోషిప్పు పొడిగించినట్టు ఆ వారమే ఉత్తరం వచ్చింది, నాన్న స్టాఫ్‌రూములో మిఠాయి పంచారు. మేడమ్ మెట్లెక్కుతూ కూనిరాగం తీస్తున్నారు, ఆ రాగం నా నోటితో ఎలా ఆపను అనుకున్నాను. ఇవన్నీ నిజమే. అసలు నిజం మాత్రం భయం. ఒకరోజు గడిచాక, నిన్ననే ఎందుకు చెప్పలేదంటారని భయం. రెండు రోజులు గడిచాక ఆ భయం రెండింతలు. ఎలుకల మందు మింగినదానిలా తిరిగాను. టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకుపోయేదాన్ని. రోజూ పొద్దున చాదర్‌ఘాట్‌లో బస్సెక్కేటప్పుడు ఇవాళ చెబుతాను అనుకోవడం, సాయంత్రం అదే బస్సులో రేపు చెబుతాను అనుకోవడం. అలా పదకొండు రోజులు.

పదకొండో రోజు సాయంత్రం డాక్టరు ఫోన్ చేశారు, సంతకాలన్నీ అందాయని, మర్నాడు పదిగంటలకు మొదలుపెడతానని. మేడమ్ తెల్లవారుజామునే వచ్చి, కరెంటు పోకముందే చీకటిగదిలో స్వయంగా మిశ్రమం కలిపారు. ఈసారి అన్నీ సవ్యంగా చేశారు, మందు పూర్తి ప్రాణంతో ఉంది. అంటే మూడింతలు ఎక్కిస్తే ఆ దర్జీ ఆమె కిడ్నీల గతి ఏమవుతుందో భూమ్మీద తెలిసిన మనిషిని నేను ఒక్కదాన్నే. మేడమ్ సీసాను సంచిలో పెట్టుకుని బయలుదేరుతుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"మేడమ్, తీస్కపోకుండ్రి."

"ఎందుకు?"

చెప్పాను. న్యూస్‌పేపరు, ఎండ, మళ్ళీ చేసిన పరీక్ష, ఎర్రబడ్డ ట్యూబులు, అన్నీ. ఆమె స్టూలు మీద కూర్చుండిపోయారు. ఆ ఎర్రవెలుతురులో ఆమె మొహం సరిగా కనిపించలేదు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నిన్న," అన్నాను. ఆ ఒక్క అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో! పదకొండు రోజులు నోట్లోంచి రాని నిజం వచ్చాక, దాని వెనకే తోసుకుంటూ వచ్చేసింది.

మేడమ్ సీసా తీసి బల్ల మీద పెట్టారు. "చెప్పులు ఏసుకో. దవాఖానకు పోవాలె, ఇద్దరం. ఎండల పెట్టుమన్నది నేను. కుందేళ్ళ మీద చూడకుండనే సరే అన్నది నేను. నువ్వొక్కదానివే చేసినట్టు ఏడ్వకు."

వార్డు బయట బెంచీ మీద ఆ దర్జీ ఆమె భర్త స్టీలు గ్లాసు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. మందు తెచ్చామనుకున్నాడు. తలుపు సందులోంచి ఆమె చెయ్యి కనిపించింది, దుప్పటి బయట. చూపుడువేలి కొస నిండా సూదిపోట్ల మచ్చలు. నేను చూపు తిప్పుకున్నాను. డాక్టరు బయటికి వచ్చారు. మేడమ్ నిలబడే, ఒక్క మాట కూడా మింగకుండా జరిగింది చెప్పారు. డాక్టరు మొహం కందగడ్డ అయింది.

"మీరే గద మేడమ్ సేఫ్ అన్నది? మీ మందు వస్తదని పాత మందు సగానికి తగ్గించి నడిపిస్తున్న పది రోజుల సంది. గీ పది రోజుల్ల ఫంగస్ ఆగుతదా? ఎప్పుడు తెలిసింది మీకు?"

"నిన్న," అన్నారు మేడమ్.

ఆమె నోట అబద్ధం రావడం అదే మొదటిసారి. అది అబద్ధమని ఆమెకు తెలియదు. ఆమె పక్కనే నిలబడ్డ నాకు తెలుసు. అప్పుడైనా నోరు తెరిచి ఉంటే నేను మనిషిననిపించుకునేదాన్ని. గోడకు అంటించిన సున్నంలా నిలబడ్డాను.

ఆ రోజే పాత మందు పూర్తి మోతాదు మొదలుపెట్టారు. రెండో వారంలో ఆమె కిడ్నీలు ఆగిపోయాయి. మూడో వారంలో ఆమె పోయింది. ఆ పదకొండు రోజులూ పూర్తి మందు ఇచ్చి ఉంటే బతికేదా అన్నది ఎవరూ చెప్పలేరు. బతికేది కాదని కూడా ఎవరూ చెప్పలేరు.

పేపరు వెనక్కి తీసుకుంటున్నట్టు పత్రికకు రాసిన ఉత్తరం నేనే టైపు చేశాను. ప్రయోగంలో మందుకు వెలుతురు తగిలిందని, ఫలితం చెల్లదని, బాధ్యత పూర్తిగా తనదని. కింద ఆమె సంతకం ఒక్కటే. నా పేరు కూడా పెట్టమని గొణిగాను. "పేపర్ మీద మొదలు నా పేరు రాసుకున్నప్పుడు నువ్వేమన్న అడిగినవా? ఇది గూడ గంతే," అన్నారు. ఆ తరవాతి ఏడాది ఆమె పరిశోధనకు డబ్బు వచ్చే స్కీము పొడిగించలేదు. చీకటిగదిని కాలేజీవాళ్ళు తీసుకుని స్టోరు చేసుకున్నారు. మేడమ్ ఒక్క గదిలోనే అట్టలతో ఒక మూల చాటు చేసుకుని, నాచేత మళ్ళీ మొదటినుంచి అన్ని పరీక్షలూ చేయించారు. మిశ్రమం మన కణాల పట్ల కొంచెం మెత్తగా ఉంటుందని తేలింది, అంతే. ఆ కొంచెం మీదే నాకు డాక్టరేట్ వచ్చింది. ఆ మూడేళ్ళలో ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. చెయ్యి గుచ్చేటప్పుడు మాత్రం, మునుపటిలా మాటల్లో పెట్టడం మానేశారు.

ఆమె రిటైరయ్యాక నాంపల్లిలోనే చర్చి వెనక రెండు గదులు కిరాయికి తీసుకుని ఉన్నారు. పెళ్ళి చేసుకోలేదు. నేను ఆబిడ్స్‌లో రక్తపరీక్షల ల్యాబులో చేరాను, పండగకో పబ్బానికో పోయి చూసి వచ్చేదాన్ని. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు, ఆమె అనుకున్నలాంటి మందే, కొవ్వుతో కలిపినది, మన మార్కెట్‌లోకి వచ్చింది. ఆ కబురు చెబుదామని పోయాను. ఆమెకు అప్పటికే తెలుసు. గుండె బలహీనపడి మంచం మీదే ఉంటున్నారు. "వచ్చింది గదా. ఎవలు చేస్తే ఏంది?" అన్నారు సంతోషంగా. ఆ తరవాత, "నా రిపోర్టు చూసినవా? కొలెస్టరాల్ ఎక్కువున్నదట. జన్మంత దాని దిక్కు మాట్లాడితే, ఆఖర్ల నన్నే పట్టుకున్నది," అని నవ్వారు. ఆ నవ్వు చూశాక నాకు ఇక ఆగలేదు. పదేళ్ళు దాటింది, ఆ మాట ఇంకా గొంతులోనే ఉంది.

"మేడమ్, నిన్న గాదు మేడమ్. నాకు పదకొండు రోజుల ముందే తెలుసు."

ఆమె సంత్రా పండు ఒలుస్తున్నారు. చెయ్యి ఆగలేదు.

"తెలుసు."

ఆమె తొనలు విడదీస్తూ చెప్పారు. "మనం దవాఖానకు పోయిన ఆ వారమే మాణిక్‌రావు దగ్గరికి నేను పోయిన. 'మా అమ్మ కర్మ అయిన తెల్లారే మీ పిల్ల వచ్చి న్యూస్‌పేపర్ ముచ్చట చెప్పింది' అన్నడు. దినాలు లెక్కవెట్టుకున్న. అక్కడికెల్లి సీదా డాక్టరు దగ్గరికి పోయిన. 'నిన్న అని చెప్పిన, అది అబద్ధం, మా ల్యాబుకు పదకొండు రోజుల ముందే తెలుసు' అన్న. గప్పటి సంది ఆయన నాతోటి మాట్లాడలే."

"నా పేరు చెప్పలేదా మేడమ్?"

"నా ల్యాబు గదా."

మంచం పట్టె మీద తల ఆనించి ఏడ్చాను. నన్ను మాఫ్ చెయ్యుండ్రి మేడమ్ అన్నాను. తల మీద చెయ్యి వేస్తారనుకున్నాను, వేయలేదు. ఆమె గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు.

"నేను మాఫ్ చేసుడేంది వనజా? నాకేం చేసినవ్? స్కీములు వస్తయి, పోతయి. మాఫ్ చెయ్యాల్సినామె నేను గాదు. ఆమె పేరేంది, చెప్పు."

చెప్పలేకపోయాను. ఇన్నేళ్ళుగా నా మనసులో ఆమె 'ఆ పేషెంటు', 'ఆ దర్జీ ఆమె', లేకపోతే దుప్పటి బయట ఒక చెయ్యి. ఆమెను తలుచుకుని ఎన్ని రాత్రులు ఏడ్చానో నాకే తెలియదు. ఏడ్చిందంతా నా కోసమే. ఆమె పేరేమిటని ఒక్కసారి కూడా, ఎవరినీ అడగలేదు.

"బాలమణి," అన్నారు మేడమ్. "ఇన్నేండ్లు నేను యాదికుంచుకున్న. ఇగ నీకు చెప్పిన." సంత్రా తొనలు నా చేతిలో పెట్టారు. "తిను. మొహమంత వాడిపోయింది."

ఆ మరుసటి ఏడు మేడమ్ పోయారు. సమాధి దగ్గర ఆమె విద్యార్థులం పదిమందిమి ఉన్నాం. మిగతావాళ్ళు ఒక్కొక్కరూ ఆమె నేర్పిన సంగతులు చెప్పారు. తూకం గురించి, ఓపిక గురించి, నిజాయితీ గురించి. నాకు ఆమె అప్పగించింది వాళ్ళకు ఎలా చెప్పాలో తోచలేదు. రోజూ పొద్దున ఇంట్లో దీపం పెట్టాక పోయినవాళ్ళ పేర్లు తలుచుకోవడం మా అమ్మ నుంచి వచ్చిన అలవాటు. అమ్మ, నాన్న, ఆ తరవాత మేరీ సుగుణ. అక్కడిదాకా మనసులోనే అనుకుంటాను. ఆ తరవాత నాలుగో పేరు. ఆ ఒక్కటి మాత్రం, ఇంట్లో ఎవరు వింటున్నా సరే, పైకి అంటాను. బాలమణి.